పేతురు చేసిన ఎండ

జమ్మలమడుగులో ఎండకు కరువొచ్చిందంటే ఎవరన్నా నమ్ముతారా? ఉగాది దాటిందంటే గడప మీద కాలు పెట్టలేము, బయట పెట్టిన బిందెలో నీళ్ళు పొయ్యి ఎక్కకుండానే కాగుతాయి. అట్లాంటి ఊర్లో మా పక్కింటి పేతురు దుడ్లు పోసి ఎండ కొనుక్కొచ్చినాడు. కొనుక్కొచ్చి ఇంట్లో, లోపలి గదిలో పెట్టుకున్నాడు. ఈ మాట విన్నప్పుడు నేను మిషను తొక్కేది ఆపి పడీపడీ నవ్వినా. నేనొక్కదాన్నేనా, వీధంతా నవ్వింది. అయితే ఆ ఎండ కత మొదటినుంచీ చివరిదాకా చూసిందాన్ని నేనే. కాబట్టి చెప్పాల్సిందీ నేనే. నా పేరు ఓబులమ్మ. రవికెలు కుడతా. పేతురోళ్ళ ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ.

పేతురుకు తెలిసిన పని ఒకటే, వెలుతురు. వాళ్ళ నాయన పెండ్లి ఊరేగింపులకు పెట్రోమాక్సు లైట్లు బాడుగకిస్తాండె. మోసేటోళ్ళు తక్కువపడితే తానే నెత్తికెత్తుకుంటాండె. ఆ వేడికి నాయన నడినెత్తిన వెంట్రుక మొలవల్యా అని పేతురు చెప్తాడు. కొడుకు కరెంటు పని నేర్చుకుని మొదట పందిళ్ళకు సీరియల్ సెట్లు కట్టినాడు, తర్వాత ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో కుదురుకున్నాడు. పొద్దున్నే బస్సెక్కి పోతాడు, దీపాలు పెట్టే వేళకు వస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. పని గురించి అడిగితే మాత్రం పలుకుతాడు. బంగారం మీదికి పసుప్పచ్చ లైటు, వెండి మీదికి తెల్ల లైటు, పైకప్పులో గుంతలు తీసి దాచిపెట్టాల, లైటు కనపడకూడదు, సరుకు కనపడాల అంటాడు. ఎంత మంచి సరుకైనా తన లైటు లేకుంటే మెరవదని ఆయప్పకు శానా గర్వం. శెట్టి వెంకటరమణయ్య కొత్త అంగడి తెరిస్తే పూజ చేసే అయ్యవారికన్నా ముందు పేతురుకే కబురు పోయిందంట.

ఒక్క పని చూస్తే మాత్రం పేతురుకు మండిపోతాది. కొందరు ఆడోళ్ళు గొలుసు చేతిలో పట్టుకుని అంగడి మెట్ల మీదికొచ్చి, ఎండలో తిప్పి తిప్పి చూస్తారు. లోపలొక రంగు, బయటొక రంగు ఉంటాదని వాళ్ళ అనుమానం. తన లైటును నమ్మని మనుషులని పేతురు గొణుక్కుంటాండె. నేనైతే ఆ ఆడోళ్ళ పక్షమే. రవికె గుడ్డకు దారం కలపాలంటే నేను ట్యూబులైటును నమ్మను, గడప బయటికి తెచ్చి చూస్తా. ఈ విషయం మీద ఇద్దరమూ గోడకు అటొకరు ఇటొకరు నిలబడి శానాసార్లు వాదులాడుకున్నాము.

పేతురు పెండ్లాం వనజ. బడిలో మధ్యాహ్నం వంట చేస్తాండె. ఆయమ్మ అసలు ప్రాణమంతా పెరట్లోనే. సొర, బీర, వంగ, మిరప, ఏది నాటినా విరగ్గాస్తాండె. నేను నాటిన తీగ మా గోడెక్కి, గోడ దిగి, ఆయమ్మ పెరట్లోకి పోయి ఆడ కాస్తాండె. ఎంత కోపమొస్తాది చెప్పండి. కానీ కోసిన కాయల్లో సగం మా ఇంటికే పంపుతాండె కాబట్టి నోరు మూసుకుంటి.

వాళ్ళ చర్చిలో ఏటా కోత పండగ చేస్తారు. ఎవరి చేనులో, ఎవరి పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి దేవుని ముందర పెడతారు. గుమ్మడికాయలు, కొర్రలు, అరటిగెలలు, కోళ్ళు, అన్నీ వస్తాయి. ఆరాధన అయినాక వాటిని వేలం పాడతారు. పాడుకున్నోళ్ళు మళ్ళా చర్చికే ఇచ్చేస్తారు, ఇంకొకరు పాడతారు, అట్లా ఒక్క గుమ్మడికాయ నలుగురి చేతులు మారుతాది. వనజ సొరకాయంటే ఆడ పోటీ. ఆ ఒక్కరోజు ఆయమ్మ నడక చూడాల మీరు. మామూలు రోజుల్లో తల వంచుకుని పోయే మనిషి, ఆరోజు సొరకాయను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వీధి నడుమన పోతాండె.

అట్లాంటి మనిషికి ఎండ పడకుండా పోయింది. మొదట చెంపల మీద ఎర్రగా దద్దుర్లు, ఆ తర్వాత కీళ్ళు పట్టుకుపోవడం, జ్వరం. ఎవరెవరి దగ్గరికో తిరిగినాక కర్నూలులో పెద్ద డాక్టరు లూపస్ అని పేరు చెప్పినాడు. ఒంటిని కాపాడాల్సిందే ఒంటిని కొరుకుతాదంట. ఎండ తగిలితే అది రేగుతాదంట, మూత్రపిండాలకు కూడా పోతాదంట. మందులు వాడుకుంటూ ఎండకు దూరంగా ఉంటే నిండా నూరేండ్లు బతకొచ్చునన్నాడు. ఆయన చెప్పింది ఎంత సులువు! కడప జిల్లాలో ఎండకు దూరంగా యాడ ఉంటారప్పా?

వనజ వంటపని మానేసింది. కిటికీలకు మందం పరదాలు నేనే కుట్టిచ్చినా. ఒక్క నెలలో పెరడు ఎండిపోయింది. నీళ్ళు పోస్తానని నేను పోతే ఆయమ్మ వద్దనింది, కిటికీలోంచి వేరేవాళ్ళ చేతులు చూస్తూ కూర్చోలేనంది. మెల్లగా చర్చికి పోయేదీ మానేసింది. సాయంత్రం ప్రార్థనకన్నా పోరాదా అని నేను తిడితే పరదా ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటాండె. కోత పండగ వచ్చింది, పోయింది. రెండోసారీ వచ్చింది. ఆరోజు నేను కూర తీసుకుని పోయినా. చీకట్లో మంచం మీద కూర్చోనుండాది.

"పండగకు పోల్యా ఏంది?" అన్నా.

"నా చేత్తో పండిచ్చింది ఏముందక్కా? సంతలో కొన్న సొరకాయ ఎత్తుకుని దేవుని ముందర పోవాల్నా?" అనింది. "చేతులు ఊరికే ఉండాయి. ఇంగ నేను ఉండీ ఏం లాభం?"

గోడ పక్కన పేతురు నిలబడి వింటాండాడని అప్పుడే చూసినా. చెప్పులేసుకుని బయటికి పోయినాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే పేతురు ఎండ కొనుక్కొచ్చినాడు. లోపలి గదిలో బల్లలేసి, వాటి మీద మట్టి నింపిన తొట్లు పెట్టి, పైకప్పుకు లైట్లు బిగిచ్చినాడు. ఎండ ఆయమ్మకు పడకుంటే ఎండలేని చోటనే మొక్కలు లేపుతానన్నాడు. వనజ మొదట నమ్మల్యా. కానీ మట్టి వాసన తగిలేసరికి మనిషి లేచి వచ్చింది. ధనియాలు అరచేత్తో నలిపి, రెండు పప్పులు చేసి, తొట్లో చల్లింది. మెంతులు చల్లింది. పొద్దున లేస్తే లైటు వేసేది, రాత్రి పడుకునేముందు ఆర్పేది, రోజూ అదే ధ్యాస. మొలకలు వచ్చినాయి. గోడవతల ఆయమ్మ పాట పాడుకునేది వినపడింది. శానా రోజులయ్యింది నేను ఆ గొంతు వినక.

నన్ను పిలిచి చూపిచ్చినారు. ఏం చెప్పాల! గది తలుపు తీస్తే శెట్టిగారి అంగడే. ఆకు ఆకూ మెరుస్తాంది. పచ్చని ఆకుకు బంగారు పూత పూసినట్టుండాది. పేతురు గోడకానుకుని గర్వంగా నిలబడి ఉండాడు. ఇన్నేండ్లుగా ఊరోళ్ళ బంగారానికి వేసిన లైట్లే తన పెండ్లాం మొక్కలకూ వేసినాడు, అంతకన్నా మంచి లైటు లోకంలో ఉందని ఆయప్పకు తెలీదు పాపం.

కానీ నా కంటికి ఏదో తేడా కొట్టింది. కాడలు సన్నగా, పొడుగ్గా పోతాండాయి. ఎంతైనా దారం కలిపే దాన్ని కదా, చెయ్యి ఊరుకోదు. ఒక తొట్టి ఎత్తుకుని గడప దాటినా. వీధి వెలుతురులో పెట్టి చూసినా. పచ్చదనం యాడుండాది? పాలిపోయి, పచ్చకామెర్లొచ్చిన బిడ్డ కండ్లలాగా ఉండాయి. పేతురు నా వెనకే వచ్చి చూసినాడు. మొగం మాడిపోయింది. రోజూ చూస్తూనే ఉండి, తన లైటు మెరుపులో ఆకు పాలిపోయింది ఆయప్పకే కనపడల్యా.

వారం తిరక్కుండా మొలకలన్నీ సొమ్మసిల్లి తొట్ల మీద పడిపోయినాయి. వనజ వాటిని పీకి పారేయల్యా, నీళ్ళు పోయల్యా, చూస్తా కూర్చునింది. ఎండ లేకుంటే ఎవరైనా ఇట్లే అయితారు, ఇంగ ఈ కష్టం వద్దు అని మొగుడికి చెప్పేసింది. లైట్లు ఆర్పి తలుపేసుకునింది. ఆరోజు పేతురు మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు.

"ఊరందరి బంగారాన్నీ మెరిపిచ్చినా అక్కా. నా ఇంట్లో నాలుగు ఆకులు నిలబెట్టలేకపోయినా." అంటూ కండ్లు తుడుచుకున్నాడు. మగోడు ఏడిస్తే నాకు ఏం చెప్పాలో తోచదు. కాబట్టి తిట్టినా. లైటు గురించి నీకు తెలీకుంటే తెలిసినోళ్ళను అడగాల గానీ, అరుగు మీద కూర్చుని ఏడిస్తే మొక్కలు లేస్తాయా అన్నా.

అప్పుడు గుర్తొచ్చింది ఆయప్పకు రహీం సంగతి. బంగారు అంగళ్ళలో పేతురు దగ్గరే పని నేర్చుకున్నాడు ఆ రహీం. ఇప్పుడు పులివెందుల పక్కన అరటి పిలకలు పెంచే ల్యాబులో కరెంటు పని చూస్తాండాడు. పేతురు ముద్దనూరు మీదుగా బస్సెక్కి పోయినాడు. వచ్చినాక ఆయప్ప చెప్పింది వినాలంటే చెవులు చాలవు. అంత మాట్లాడినాడు. ఆ ల్యాబులో ఏసీ గదుల్లో గాజు సీసాలంట, ఒక్కో సీసాలో వేలెడంత అరటి బిడ్డలంట. వాటికి ఎండ మొగమే తెలీదంట. వరసగా అరలు, ప్రతి అర మీదా జానెడు ఎత్తున తెల్ల ట్యూబులు. అంతే. బంగారు పూతా లేదు, మెరుపూ లేదు, చూసేదానికి ఆస్పత్రిలాగా ఉండాదంట. రహీం నవ్వినాడంట.

"నువ్వు మనిషి కంటికి లైటు వేసినావు మామా. ఆకు కడుపుకు వేయల్యా. దానికి అందం పనికిరాదు. తెల్లగా, దగ్గరగా, కడుపు నిండా పోయాల."

ఇంకో మాట కూడా చెప్పినాడంట. కదలని మొక్క కాడకు బలం రాదు, చిన్న ఫ్యానొకటి పెట్టి ఊపుతాండాల అని. అచ్చం ఎండలాంటి లైట్లని కొన్ని అమ్ముతారు, వాటిలో చర్మాన్ని కాల్చే కిరణాలు కూడా ఉంటాయి, వనజక్కకు ఆ జబ్బు ఉంది కాబట్టి వాటి జోలికి పోవద్దన్నాడంట. పేతురు అంతటితో ఆగల్యా. కర్నూలు డాక్టరు దగ్గరికి పోయి ఆ తెల్ల లైటు డబ్బా చూపిచ్చి అడిగి, ఆయన సరే అన్నాకనే ఇంటికి తెచ్చినాడు. ఆ ఒక్క పనికి నేను ఆయప్పను మెచ్చుకున్నా. ప్రేమంటే మనిషికి కొంచెం భయం కూడా ఉండాల.

పైకప్పు లైట్లన్నీ పీకేసినాడు. తెల్ల పట్టీలు తెచ్చి అరల కింద జానెడెత్తున బిగిచ్చినాడు. మూల ఒక బుల్లి ఫ్యాను. వనజ మళ్ళా ధనియాలు నలపడానికి ఒప్పుకోల్యా. రెండుసార్లు ఓడిపోయే ఓపిక లేదంది. పేతురే నలిపినాడు, మొరటుగా, సగం పిండి చేసి. అది చూసి ఆయమ్మకు కోపమొచ్చి, ఆయప్ప చేతిలోంచి లాక్కుని తానే చల్లింది. ఆ కోపం చూసి నాకెంత సంతోషమైందో.

ఈసారి మొలకలు పొట్టిగా, బిగువుగా వచ్చినాయి. ఫ్యాను గాలికి ఊగుతాండాయి. చూసేదానికి ఏం అందం లేదు, ఆ తెల్ల వెలుతురులో అన్నీ వెలిసిపోయినట్టే ఉండాయి. నేను తొట్టి ఎత్తుకుని గడప దాటినా. వనజ గుమ్మం లోపల, పరదా వెనక నిలబడి, నా మొగం చూస్తాంది. బయట పెట్టినా. పచ్చగా, నల్లపచ్చగా, చేతికి వాసన అంటుకునేంత కొత్తిమీర. నేను ఏం చెప్పకుండానే ఆయమ్మకు తెలిసిపోయింది. ఇద్దరమూ ఏడిస్తిమి, ఎందుకు దాచాల.

కోత పండగకు పోతానంది. తన చేత్తో తానే ఇస్తానంది. పేతురు పట్టుకుపోతే చాలదంట. నేను మెడదాకా మూసి, వేళ్ళదాకా చేతులున్న పొడుగు రవికె కుట్టినా. మొగానికి కప్పుకునేదానికి మందం గుడ్డ. మా వీధి బాషా తన ఆటోను ఇంటి గడపకు ఆనిచ్చినాడు. నల్ల గొడుగు పేతురు పట్టుకున్నాడు. నా దేవుడు వేరేగానీ, నేనూ ఎక్కినా. అన్నిరోజులు గోడవతల విన్నదాన్ని, ముగింపు చూడకుండా ఎట్లా ఉంటాను?

చర్చి నిండా జనం. గుమ్మడికాయలూ అరటిగెలలూ ముందర పేర్చినారు. వనజ తన కొత్తిమీర కట్టను, వేర్లతో సహా తడిగుడ్డలో చుట్టి ఎత్తుకుని నడిచింది. ఎత్తుకునేది అప్పటి సొరకాయ తీరే. జనమంతా తిరిగి చూసినారు. బల్ల దగ్గర సంఘపెద్ద దేవసహాయం సారు నిలబడి ఒక్కొక్కటీ అందుకుంటాండాడు. రిటైరైన బడి అయ్యవారు, మంచి మనిషే, వానల మీద బతికే మెట్టచేను ఉండాది. అప్పటికే లైటు సంగతి ఆయన చెవిన పడింది. కట్ట అందుకోల్యా. ఇబ్బందిగా మొగం పెట్టి, కోత పండగంటే దేవుడిచ్చిన ఎండకూ వానకూ కృతజ్ఞత చెప్పేది కదమ్మా, ఇది కరెంటుతో పండింది, దీన్ని దేవునికిచ్చే తొలి పంట, ప్రథమ ఫలమని ఎట్లా పెట్టేది, కావాలంటే మామూలు కానుకగా పక్కన పెడదామన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నాలుగు దులిపేద్దామనుకున్నా. పరాయి గుడి, నోరు కట్టుకున్నా. వనజ వెనక్కి తిరిగి వచ్చేస్తాదేమో, మళ్ళా ఆ చీకటి గదిలో మంచం పట్టుకుంటాదేమో అని నా భయమంతా అదే.

వనజ మొగం మీద గుడ్డ పక్కకు తీసింది.

"సారూ, సండే స్కూల్లో మీరే నేర్పినారు నాకు. దేవుడు మొక్కల్ని మూడో నాడు మొలిపిచ్చినాడు, సూర్యుణ్ణి నాలుగో నాడు చేసినాడు అని. సూర్యుడు రాకముందు ఆ మొక్కలు ఏ వెలుతురులో బతికినాయి?"

ఎదిరిచ్చి అడిగినట్టు లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. దేవసహాయం సారు ఆయమ్మ మొగంలోకి చూసినాడు. చెంపల మీద ఆ ఎర్రమచ్చలు చూసినాడు. తర్వాత రెండు చేతులూ చాపి కట్ట అందుకుని, గుమ్మడికాయలన్నిటికీ ముందర పెట్టినాడు.

"నేను చెప్పిన పాఠం నాకే అప్పజెప్పినావమ్మా." అన్నాడు.

వేలంలో మొదట ఆ కట్టనే ఎత్తినారు. మొదటి పాట దేవసహాయం సారుదే. పాడుకుని మళ్ళా చర్చికే ఇచ్చినాడు. ఇంకొకరు పాడినారు, మళ్ళా ఇచ్చినారు. బడిలో ఆయమ్మ వండిన అన్నం తిని పెరిగిన పిల్లోళ్ళు కూడా పాడినారు. అన్ని చేతులు మారి మారి కొత్తిమీర వాడి వేలాడిపోయింది. ఆఖరి పాట నేను పాడినా. పరాయి గుడిలో వేలం పాడినానని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు, అననీ. కట్ట చేతికొచ్చినాక, ఈ వాడింది పచ్చడికి కూడా రాదే అని వనజతో అన్నా. వేర్లు ఉండాయి కదక్కా, నీళ్ళలో నిలబెట్టి మా లైటు కింద పెట్టు, పొద్దునకు లేస్తాది అంది. పెట్టినా, లేచింది.

కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. వేలం అయ్యి బయటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. బాషా ఆటో తెచ్చేదాకా చర్చి వరండాలో, నీడలో ఒక నిమిషం నిలబడినాము. వనజకు ఊపిరాడక మొగం మీద గుడ్డ కొంచెం జరిపింది. పేతురు గొడుగు విప్పబోయి ఆగినాడు. ప్రొద్దుటూరు అంగడి మెట్ల మీద ఆడోళ్ళు గొలుసును తిప్పి చూసేది ఎట్లానో, అట్లా పెండ్లాం మొగంలోకి చూస్తాండాడు.

"ఏంది?" అంది వనజ.

"రెండేండ్లు దాటింది, నిన్ను పగటి వెలుతురులో చూసి." అన్నాడు. గొడుగు చంకలో పెట్టుకుని ఇంకో మాటన్నాడు. "మెరిసేదానికి నీకు నా లైటు అక్కరలేదు."

ఆయమ్మ గుడ్డ మళ్ళా కప్పుకుని, గొడుగు విప్పమని మొగుణ్ణి కసిరింది.